‘పేన్’ అని ఊరుకునే సాఫ్ట్‌వేర్‌తో ఏం చేయాలి?

ప్రశ్న: అన్నా, నాకు పుట్టుకతోనే చూపు లేదు. మాది కాకినాడ. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక చిన్న స్టూడియోలో ఆడియో కథలు, పాడ్‌కాస్ట్‌లు ఎడిట్ చేసే పని దొరికింది. ఇంట్లో ఎన్‌విడిఎ అనే స్క్రీన్ రీడర్ (తెర మీదున్నది చదివి వినిపించే ప్రోగ్రాం) పెట్టుకుని ఆడాసిటీ అనే ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో హాయిగా ఎడిట్ చేసుకుంటాను. స్టూడియోలో వాడే పెద్ద సాఫ్ట్‌వేర్ తెరిస్తే మాత్రం ఎన్‌విడిఎ ‘పేన్’ అని ఊరుకుంటుంది. ట్యాబ్ కొట్టినా అదే, బాణం కీలు కొట్టినా అదే. కంపెనీకి మెయిల్ పెడితే ‘మీ సూచన నమోదు చేసుకున్నాం’ అని ఒక్క లైను వచ్చింది. మా ఓనర్ మంచివారే. కానీ ‘నువ్వు ఫైనల్ ఆడియో విని తప్పులు చెప్పు చాలు, ఎడిటింగ్ వాళ్ళు చేసుకుంటారు’ అంటున్నారు. జీతం తగ్గించలేదు గానీ, నాకది మింగుడు పడటం లేదు. ఎడిటింగ్ మీద ఆశ వదిలేసుకోమంటారా?

సమాధానం: వదులుకోవద్దు తమ్ముడూ. ఇంట్లో ఎడిట్ చేయగలిగినవాడివి స్టూడియోలో చేయలేకపోతున్నావంటే లోపం నీ పనితనంలో లేదు, ఆ సాఫ్ట్‌వేర్ తయారైన తీరులో ఉంది. ఈ సంగతి నీకు తెలిసే ఉంటుంది. కానీ మీ ఓనర్‌కు తెలియదు, ఆ కంపెనీలో నీ మెయిల్ చదివిన మనిషికీ సరిగ్గా తెలిసి ఉండదు. వాళ్ళిద్దరికీ అర్థమయ్యేలా చెప్పడం ఒక పని. ఈలోగా నీ చేతిలో ఎడిటింగ్ ఆగిపోకుండా చూసుకోవడం ఇంకో పని. రెండోది ముందు మొదలుపెట్టాలి.

ముందుగా ఆ ‘పేన్’ సంగతి. పేన్ అంటే తెర మీద ఒక భాగం, అంతే. స్క్రీన్ రీడర్ తెర మీద బొమ్మను చూసి చదవదు. ‘ఇక్కడ ఏముంది, దాని పేరేంటి, అది బటనా స్లైడరా, ఇప్పుడు దాని విలువ ఎంత’ అని విండోస్‌ను అడుగుతుంది. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు విండోస్ ఇచ్చే మామూలు బటన్లు, జాబితాలు వాడితే ఈ సమాధానాలు చాలావరకు వాటంతటవే వస్తాయి. ఆడియో కంపెనీలు అలా చేయవు. పాత హార్డ్‌వేర్ కంప్రెసర్‌లా, మిక్సింగ్ కన్సోల్‌లా కనిపించాలని నాబ్‌లు, ఫేడర్లు, మీటర్లు అన్నీ సొంతంగా గీసుకుంటాయి. విండోస్‌కూ మ్యాక్‌కూ ఒకే రూపం కావాలన్నది ఇంకో కారణం. అలా గీసినదానికి విడిగా పేరు, రకం, విలువ జతచేయకపోతే స్క్రీన్ రీడర్‌కు అది గోడ మీద గీసిన తలుపు బొమ్మ. చూసేవాళ్ళకు తలుపే, తడిమితే గోడ. నీకు వినిపించిన ‘పేన్’ ఆ గోడే.

ఇప్పుడు నీ పని గురించి. రీపర్ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకో. కాకస్ అనే చిన్న కంపెనీ చేస్తుంది దీన్ని, పాటలు వినే విన్‌యాంప్ ప్లేయర్ రాసిన జస్టిన్ ఫ్రాంకెల్‌ది. 60 రోజులు ఏ కోతా లేకుండా మొత్తం వాడి చూడొచ్చు. ఆ తర్వాత సొంతంగా పనిచేసుకునేవాళ్ళకూ, ఆదాయం తక్కువున్న చిన్న వ్యాపారాలకూ లైసెన్స్ 60 డాలర్లు, మన లెక్కలో రూ. 5 వేల పైచిలుకు. పెద్ద వ్యాపారాలకైతే 225 డాలర్లు. రీపర్ ఒక్కటే పెట్టుకుంటే నీకు సగం మాత్రమే వినిపిస్తుంది. దానికి ఒసారా అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ కలపాలి. దీన్ని మొదలుపెట్టిన జేమ్స్ తే చూపులేని ప్రోగ్రామర్, ఆస్ట్రేలియావాడు. నువ్వు రోజూ వాడే ఎన్‌విడిఎను మైకేల్ కరన్‌తో కలిసి తయారుచేసినవాడు కూడా ఆయనే. ఎస్‌డబ్ల్యుఎస్ అనే ఇంకో ఉచిత ఎక్స్‌టెన్షన్ కూడా వేసుకో, చాలా పనులు దానితో సులువవుతాయి.

ఒసారా ఎందుకంత బాగా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, కంపెనీకి రాసేటప్పుడు నీకిది పనికొస్తుంది. రీపర్ తెర మీద గీసిన వేవ్‌ఫారం (శబ్దాన్ని గీతల్లో చూపే బొమ్మ) జోలికి ఒసారా పోదు. ‘ఇప్పుడు ఏ ట్రాక్ మీద ఉన్నాం, దాని పేరేంటి, మ్యూట్‌లో ఉందా, కర్సర్ ఏ సెకను దగ్గర ఉంది’ అని నేరుగా రీపర్‌నే అడిగి, వచ్చిన జవాబును స్క్రీన్ రీడర్‌కు అందిస్తుంది. అలా అడగడానికి బయటివాళ్ళకు రీపర్ దారి తెరిచి పెట్టింది కాబట్టే ఇదంతా సాధ్యమైంది. ఒక కంపెనీ తన తెరను మొత్తం మార్చలేకపోయినా, లోపలి సమాచారం అడిగి తీసుకునే దారి ఇస్తే మిగతాది వాడేవాళ్ళు కట్టుకోగలరు. నా దృష్టిలో ఇది అందమైన బటన్ పేర్ల కంటే విలువైనది.

చేతి పని ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ. కథ చదివినావిడ వాక్యం మధ్యలో గట్టిగా ఊపిరి పీల్చింది అనుకో. పైకీ కిందికీ బాణాలతో ఆవిడ ట్రాక్ మీదికి వెళ్తావు, పేరు వినిపిస్తుంది. స్పేస్ కొట్టి వింటావు. ఊపిరి దగ్గరికి రాగానే ఆపి, కుడి ఎడమ బాణాలతో కొద్ది కొద్దిగా జరుపుతావు. రీపర్ రూలర్‌ను నిమిషాలు, సెకన్లకు పెట్టుకుని ఉంటే, జరిగిన ప్రతిసారీ నిమిషాలు, సెకన్లు, సెకనులో వెయ్యో వంతుతో సహా చెబుతుంది. ఊపిరి మొదలయ్యే చోట ఎస్ కొడితే ముక్క విడిపోతుంది, అయిపోయే చోట మళ్ళీ ఎస్. మధ్యలో మిగిలిన ఊపిరి ముక్క మీదికి కంట్రోల్ పట్టుకుని బాణాలతో వెళ్ళి, పి కొడితే ఆ ముక్క సెట్టింగులన్నీ ఒక జాబితాలా తెరుచుకుంటాయి. అందులో వాల్యూమ్‌ను 10, 12 డెసిబెల్స్ తగ్గించు. ఊపిరిని పూర్తిగా కోసిపారేయకు. కథ చదివే మనిషి ఊపిరి తీసుకోకపోతే వినేవాళ్ళకు ఆయాసం వస్తుంది. తగ్గిస్తే చాలు.

మొదట్లో కీలు గుర్తుండవు. ఎఫ్ 12 నొక్కితే షార్ట్‌కట్ సహాయం మొదలవుతుంది. ఆ తర్వాత ఏ కీ కొట్టినా అది ఏం చేస్తుందో చెబుతుందే గాని, చేయదు. భయం లేకుండా కీబోర్డ్ మొత్తం తడిమి చూసుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒసారా కీ మ్యాప్ (ఏ కీ ఏం చేయాలో చెప్పే జాబితా) పెట్టాలా అని అడుగుతుంది, పెట్టమను. అప్పుడే ఎఫ్ 5 మ్యూట్, ఎఫ్ 6 సోలో, ఎఫ్ 7 రికార్డుకు సిద్ధం చేయడం లాంటివన్నీ చేతికందుతాయి.

లెవెల్ మీటర్ కనిపించదు కదా అని నిన్ను ఎవరైనా అడిగితే, మీటర్ల వెనకున్నవి అంకెలేనని చెప్పు. ఒసారాలో శబ్దం గరిష్ఠ స్థాయిని (పీక్) కనిపెట్టే పీక్ వాచర్ ఉంది. నువ్వు పెట్టిన గీత దాటితే చెబుతుంది. ఫైల్ మొత్తం లౌడ్‌నెస్ లెక్కగట్టే ఏర్పాటు ఎస్‌డబ్ల్యుఎస్‌లో ఉంది. ఆడిబుల్‌కు ఆడియోబుక్కులు వెళ్ళే ఎసిఎక్స్ అనే వేదిక అడిగే లెక్క ఇది: సగటు స్థాయి, అంటే ఆర్‌ఎమ్‌ఎస్, మైనస్ 23 నుంచి మైనస్ 18 డెసిబెల్స్ మధ్య ఉండాలి. పీక్ మైనస్ 3 దాటకూడదు. ఎవరూ మాట్లాడనప్పుడు వినిపించే రొద మైనస్ 60 లోపు ఉండాలి. కళ్ళున్న ఎడిటర్ కూడా చివరికి ఈ అంకెలే చూసుకోవాలి.

హెడ్‌ఫోన్స్ విషయంలో జాగ్రత్త. ఎన్‌విడిఎలో ఆడియో డకింగ్ అనే సెట్టింగ్ ఉంది. తను మాట్లాడేటప్పుడు మిగతా శబ్దాలన్నీ తగ్గించేస్తుంది. మామూలు పనికి హాయిగా ఉంటుంది గానీ ఎడిటర్‌కు ప్రమాదం. డకింగ్ ఆన్‌లో ఉంటే నువ్వు వింటున్న లెవెల్ అసలు లెవెల్ కాదు. ఇన్సర్ట్, షిఫ్ట్, డి కలిపి నొక్కుతూ పోతే ‘నో డకింగ్’ వస్తుంది, అక్కడ ఆపు. వీలైతే ఎన్‌విడిఎ గొంతును లాప్‌టాప్ సొంత సౌండ్‌కూ, ఆడియోను బయట తగిలించే సౌండ్ పెట్టెకూ (ఆడియో ఇంటర్‌ఫేస్) పంపు. ఒక చెవిలో చిన్న ఇయర్‌ఫోన్‌లో స్క్రీన్ రీడర్, పైన పెద్ద హెడ్‌ఫోన్స్‌లో పని. ఇలా విడదీయకపోతే ఎప్పుడో ఒకప్పుడు కథ మధ్యలో ఎన్‌విడిఎ గొంతు రికార్డయి కూర్చుంటుంది, అదీ ఫైల్ క్లయింట్‌కు వెళ్ళాక తెలుస్తుంది.

ప్లగిన్లు, అంటే శబ్దాన్ని సరిచేయడానికి సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు, వాటి దగ్గర నువ్వు మళ్ళీ గోడకు తగులుతావు. చాలా ప్లగిన్ల కిటికీ తెరిస్తే ఏమీ వినిపించదు. అయినా దాదాపు ప్రతి ప్లగిన్ తన నాబ్‌ల పేర్లు, విలువలు తనను నడిపే సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తుంది, ఆటోమేషన్ కోసం. ఒసారా ఆ జాబితానే తీసి నీ ముందు పెడుతుంది. ‘థ్రెషోల్డ్, మైనస్ 18’ అని వింటావు, బాణంతో మారుస్తావు, నాబ్ మొహం చూడక్కర్లేదు. రీపర్‌తో పాటు వచ్చే రియాఈక్యూ, రియాకాంప్ అనే ప్లగిన్లతో మాటల ఎడిటింగ్‌కు కావలసినదంతా అయిపోతుంది. కొనాలనిపించే ఏ ప్లగిన్‌నైనా ముందు ట్రయల్ వేసి ఈ జాబితా చూడు. ‘పారామీటర్ 1, పారామీటర్ 2’ అని వస్తే డబ్బు పెట్టకు.

మ్యాక్ కొనే స్తోమత వస్తే ఆపిల్ వాళ్ళ ఆడియో సాఫ్ట్‌వేర్ లాజిక్ ప్రో, మ్యాక్‌లోనే ఉండే స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్‌తో బాగానే నడుస్తుంది. ఏబుల్టన్ లైవ్ కూడా 2024లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి స్క్రీన్ రీడర్లకు మాట్లాడటం మొదలుపెట్టింది. అది సంగీతం కట్టేవాళ్ళకు పనికొస్తుంది, కథలు ఎడిట్ చేసే నీకు అంతగా అక్కర్లేదు. ఇప్పుడున్న లాప్‌టాప్, రీపర్ చాలు.

ఇక మీ ఓనర్ గారు. ఆయన ఇచ్చిన ‘విని తప్పులు చెప్పే’ పని చిన్నదని నేననను, మంచి చెవి ఉన్నవాళ్ళకే అది అప్పగిస్తారు. కానీ అది నువ్వు ఎంచుకున్నది కాదు, అదే నీ బాధ. ఆయనతో చట్టం మాట్లాడటం మొదలుపెట్టకు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ఐటి ఉత్పత్తులు, సేవలకు ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం ఉంది. అందుబాటు ప్రమాణాలు సలహాల్లా మిగలకూడదు, తప్పనిసరి కావాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో రాజీవ్ రాటూరి కేసులో చెప్పింది. ఇవన్నీ తెలుసుకుని ఉండు. ప్రభుత్వ సంస్థలు, విశ్వవిద్యాలయాలు సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు అడగడానికి ఇవి గట్టి ఆధారాలు. నలుగురు పనిచేసే స్టూడియోలో, నీ మంచి కోరే మనిషి ముందు మాత్రం ఇవి తీస్తే ఆయన బెదిరిపోతారు.

ఆయనకు కావలసింది టైముకు సరైన ఫైల్. అందుకని ఇలా అడుగు: ‘సార్, ఒక ఎపిసోడ్ రా ఫైల్స్ నాకు ఇవ్వండి. నా లాప్‌టాప్‌లో చేసి, అదే రోజు వాళ్ళు చేసిన ఎపిసోడ్ పక్కన పెడతాను. రెండూ వినండి.’ చేతికొచ్చిన వేవ్ ఫైల్ ఏ సాఫ్ట్‌వేర్‌లో కోసిందో వినేవాళ్ళకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. సంగీతం, ఎఫెక్టులు కలిపేది వేరేవాళ్ళయితే నీ ట్రాకులన్నీ సున్నా సెకను నుంచే మొదలయ్యేలా విడివిడి వేవ్ ఫైళ్ళుగా ఇచ్చెయ్. వాళ్ళు తమ సాఫ్ట్‌వేర్‌లోకి లాక్కుంటే అన్నీ వాటి వాటి చోట్లకు వచ్చి కూర్చుంటాయి. ప్రాజెక్ట్ ఫైల్ మార్చుకోవాల్సిన గొడవే ఉండదు.

తోటివాళ్ళను అడగాల్సినవి కూడా ఉన్నాయి, మొహమాటపడకు. ఎడిటర్లకు రంగులతో గుర్తులు పెట్టే అలవాటు ఉంటుంది. ‘ఎర్రగా ఉన్న ముక్క తీసేయ్’ అంటారు. నీకు ఇచ్చేటప్పుడు అది ‘4 నిమిషాల 12 సెకన్ల దగ్గర రెండో టేక్ తీసేయ్’ అని వాట్సాప్‌లోనో, టెక్స్ట్ ఫైల్‌లోనో రాయమను. ట్రాకులకు ‘ట్రాక్ 7’ అని వదిలేయకుండా కథకుడు, అత్తగారు, వాన అని పేర్లు పెట్టమను. అలా పెట్టుకుంటే వాళ్ళ పనీ తేలికవుతుంది, నెల తర్వాత అదే ప్రాజెక్ట్ తెరిచినప్పుడు వాళ్ళే ఒప్పుకుంటారు.

ఇప్పుడు కంపెనీకి రాసే ఉత్తరం. ‘మీ సాఫ్ట్‌వేర్ స్క్రీన్ రీడర్‌తో పనిచేయడం లేదు, దయచేసి సరిచేయండి’ అని రాస్తే అది సూచనల బుట్టలో పడుతుంది. ప్రోగ్రామర్ టేబుల్ దాకా వెళ్ళేది బగ్ రిపోర్ట్. ఇంగ్లీషులోనే రాయి, కానీ అందులో ఉండాల్సింది ఇది: ‘మీ సాఫ్ట్‌వేర్ ఫలానా వెర్షన్, విండోస్ 11, ఎన్‌విడిఎ ఫలానా వెర్షన్. కొత్త ప్రాజెక్ట్ తెరిచాను. ఒక ట్రాక్ చేర్చాను. మిక్సర్‌లోకి వెళ్ళి ట్యాబ్ నొక్కాను. వినిపించింది: పేన్. వినిపించాల్సింది: ట్రాక్ పేరు, వాల్యూమ్, స్లైడర్, సున్నా డెసిబెల్స్.’ అంతే. ఒక ఉత్తరంలో ఒకే సమస్య. ఇరవై సమస్యలు ఒకేసారి రాస్తే ఏదీ కదలదు. నువ్వు చేసింది, వినిపించింది రెండు నిమిషాలు ఎన్‌విడిఎ గొంతుతో సహా రికార్డు చేసి జతచెయ్. తమ సాఫ్ట్‌వేర్ ఎలా వినిపిస్తుందో చాలామంది ప్రోగ్రామర్లు ఒక్కసారి కూడా విని ఉండరు.

ఏది ముందు అడగాలో కూడా ఆలోచించుకో. అన్నిటికంటే ముందు కీబోర్డ్‌తో ప్రతి చోటికీ వెళ్ళగలగాలి. తర్వాత ట్రాకులు, ముక్కలు, వాటి సమయం వినిపించాలి. ఎక్స్‌పోర్ట్ డైలాగ్ నడవాలి. స్పెక్ట్రమ్ గ్రాఫ్‌లు, రంగుల థీములు ఆఖర్న చూసుకోవచ్చు. ఎడిట్ చేసి ఫైల్ బయటికి తీయగలిగితే నీకు ఉద్యోగం నిలుస్తుంది.

ఇలా అడిగితే జరుగుతుందా అంటే, ఇంతకుముందు జరిగింది. 1990ల చివర్లో పాత మ్యాక్‌లో అవుట్‌స్పోకెన్ అనే స్క్రీన్ రీడర్‌తో చూపులేని ఇంజనీర్లు ప్రో టూల్స్ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ వాడేవారు. ఆపిల్ ఓఎస్ టెన్‌కు మారాక ఆ దారి మూసుకుపోయింది. 2005లో మ్యాక్‌కు వాయిస్‌ఓవర్ వచ్చినా, ప్రో టూల్స్ దానితో మాట్లాడలేదు. న్యూయార్క్‌లో సొంత స్టూడియో ఉన్న స్లౌ హలాటిన్ అనే చూపులేని నిర్మాత పట్టు వదల్లేదు. ప్రో టూల్స్ చేసే కంపెనీ ఇంజనీర్లను కలిసి, ఏది వినిపిస్తోందో ఏది వినిపించడం లేదో కూర్చుని చూపించాడు. ఏళ్ళు పట్టింది, కానీ దారి మళ్ళీ తెరుచుకుంది. తర్వాత ఆయన, బర్క్‌లీ సంగీత కళాశాలలో బోధించే చి కిమ్ కలిసి, ప్రో టూల్స్‌ను వాయిస్‌ఓవర్‌తో వేగంగా నడపడానికి ఫ్లో టూల్స్ తయారుచేశారు. నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ కూడా చూపులేని సంగీతకారుల సలహాతోనే తన కొంప్లీట్ కంట్రోల్ కీబోర్డుల్లో నాబ్ ముట్టుకుంటే పేరు చెప్పే ఏర్పాటు పెట్టింది. ఈ రెండు చోట్లా లోపలివాళ్ళలో ఒకరిద్దరు మనసు పెట్టారు, బయట నుంచి వివరంగా చెప్పేవాళ్ళు దొరికారు. నువ్వు ఆ బయటి మనిషివి కాగలవు. నీ ఒక్కడి వల్ల కాకపోతే అదే సాఫ్ట్‌వేర్‌తో ఇబ్బంది పడుతున్న ఇంకో నలుగురిని కూడగట్టి, తలా ఒక బగ్ పంచుకుని రాయండి.

ఇది చదువుతున్నవాళ్ళలో ఆడియో యాప్‌లు, ప్లగిన్లు రాసే తెలుగు పిల్లలు ఉంటే వాళ్ళకూ ఒక మాట. మీలో చాలామంది వాడే జ్యూస్ ఫ్రేమ్‌వర్క్‌లో 2021లో వచ్చిన 6.1 వెర్షన్ నుంచి స్క్రీన్ రీడర్ ఏర్పాటు ఉంది. మీరు చేయాల్సింది ప్రతి నాబ్‌కూ సరైన పేరు, విలువకు యూనిట్ ఇవ్వడం, ట్యాబ్ వరస సరిచూసుకోవడం. ఎన్‌విడిఎ ఉచితం. వేసుకుని, మానిటర్ ఆపేసి, మీ ప్లగిన్‌తో ఒక్క గొంతు ఎడిట్ చేసి చూడండి. మొదటి వెర్షన్‌లోనే చేస్తే ఇది కొద్ది రోజుల పని. తర్వాత చేద్దాంలే అంటే మొత్తం విప్పి కట్టాలి.

తమ్ముడూ, ఆఖరుగా ఒకటి. పని మధ్యలో ఉండగా ఏ సాఫ్ట్‌వేర్‌నూ అప్‌డేట్ చేయకు. సోనార్ అనే సాఫ్ట్‌వేర్‌ను జాస్ అనే స్క్రీన్ రీడర్‌కు రాసిన స్క్రిప్టులతో ఎంతోమంది చూపులేని సంగీతకారులు వాడేవారు. 2010లో ఎక్స్1 పేరుతో దాని రూపం మొత్తం మార్చేసరికి ఆ స్క్రిప్టులు పనికిరాకుండా పోయాయి. చాలామంది ఏళ్ళ తరబడి పాత 8.5 దగ్గరే ఆగిపోవాల్సి వచ్చింది. రీపర్ అయినా, ఒసారా అయినా, ఎన్‌విడిఎ అయినా, ఇప్పుడు బాగా నడుస్తున్న వెర్షన్ ఇన్‌స్టాలర్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకో. రీపర్‌కు పోర్టబుల్ ఇన్‌స్టాల్ ఉంది, కొత్త వెర్షన్‌ను వేరే ఫోల్డర్‌లో పెట్టి, పాత ఎపిసోడ్ ఒకటి తెరిచి, ఎక్స్‌పోర్ట్ దాకా వెళ్ళి చూసి, అప్పుడు మార్చుకో. ఏదైనా మూగబోతే ఆ వెర్షన్ నంబర్‌తో వెంటనే బగ్ రాసి పంపు.